మాస్టర్‌కు దొరికిన సీటు

మా కటింగ్ మాస్టర్ గుండెపోటుతో పోయారని పోయిన శుక్రవారం కల్బా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. నాకు ముందు ఏడుపు రాలేదు. ఇందులోనూ నాకంటే ముందేనా అనిపించింది. తప్పే. కానీ మీకు అబద్ధం చెప్పలేను.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పదకొండేళ్లు మా టేబుళ్లు పక్కపక్కనే. ఆయనది నెల్లూరు, నాది కరీంనగర్. నేను కోసిన గుడ్డను ముదీర్, అంటే మా మేనేజరు, టేపు పెట్టి కొలిచేవాడు. ఆయన గుడ్డను ఊరికే చూసి వెళ్లిపోయేవాడు. కుళ్లుతో నాకు అన్నం సహించేది కాదు. మాస్టర్ మాత్రం రోజూ రెండు కప్పుల చాయ్ తెచ్చి, ఒకటి నా ముందు పెట్టేవారు. అదీ నచ్చేది కాదు.

కరోనా తర్వాత బయటి దేశాల నుంచి కుట్టిన యూనిఫారాలే చౌకగా దిగాయి. మా ఫ్యాక్టరీ ఖలాస్. అలా పని పోయినవాళ్లకు కంప్యూటర్ కటింగ్ నేర్పే ఇక్కడి సర్కారు శిక్షణ ఒకటి వచ్చింది. సీటు ఆయనకు దొరికింది, నాకు దొరకలేదు. ఆయన కల్బాలో మళ్లీ మాస్టర్ అయ్యారు. నేను గోదాములో పెట్టెలు మోశాను. ఆయన పేరెత్తితే ఒళ్లు మండేది.

ఆ శిక్షణతో నిజంగా మేలు జరిగిందా అని తేల్చడానికి ఒక హైదరాబాదు మేడమ్ వచ్చారు. సీటు దొరికినవాళ్లనూ దొరకనివాళ్లనూ కలిపి కూర్చోబెట్టారు.

"శిక్షణ వల్లే కదా మీకీ ఉద్యోగం?" అని మాస్టర్‌ని అడిగారు.

"కాదు మేడమ్. మీరు నేర్పకపోయినా నన్ను యాడో ఒకచోట పెట్టుకునేవాళ్లే. నన్ను చూసి మీ స్కీము బాగుందని రాసుకోబాకండి. ఇతనికి ఇచ్చుంటే తేడా తెలిసేది," అని నన్ను చూపించారు.

బయటికొచ్చాక కొట్లాడాను. "నాకు పని రాదని నలుగుట్ల చెప్తవా మాస్టర్?"

"నీకు అవసరం కాబట్టి చెప్పా. నాకిచ్చింది దండగబ్బా," అన్నారు నింపాదిగా.

తర్వాతి విడతలో పనిలో వెనకబడ్డవాళ్లను ముందు పిలిచారు. నాకూ సీటొచ్చింది. ఆయన మాట వల్లనో కాదో ఆ మేడమ్‌కే తెలియాలి. థాంక్స్ చెప్పలేదు. బాగా నేర్చుకుని, ఆయన్ని మించాక చెబుదామనుకున్నాను.

కల్బాలో ఖననం అయ్యాక ఆయన పనిచేసిన చోటికి వెళ్లాను. మూలన కటింగ్ కంప్యూటర్, దాని మీద కొన్ననాటి ప్లాస్టిక్ కవరు.

"మాస్టర్ దీన్ని ముట్టేవాడే కాదన్నా. నీకొచ్చునా?" అన్నాడు అక్కడి కడప టైలర్.

"వస్తది," అన్నాను.

కవరు తీసి స్విచ్ వేశాను. తెర వెలిగింది. చొక్కా భుజం గీసి, "చూడు మాస్టర్" అనబోయి, వెనక్కి తిరిగాను.