మామయ్య కుట్టిన చీకటి

మా అత్తని ఇంట్లో అందరం చీకటత్త అంటాం. ఆవిడ ఉద్యోగం అలాంటిది. నెలలు నిండకుండా పుట్టిన పసికందు పాదానికి తగిలించే క్లిప్పులో ఒక డయోడు ఉంటుంది. పాదం గుండా వచ్చే పరారుణ కాంతిని పట్టుకుని, రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో అది చెప్పాలి. వచ్చేదే పిసరంత కాంతి. డయోడు తనలో తాను గొణుక్కుంటూ కూర్చుంటే ఆ పిసరు కూడా దొరకదు. గొణుగుడు తక్కువుండే డయోడుని తయారుచేయడమే అత్త పని. అందుకని దాన్ని చీకట్లో పెట్టి, వెలుతురు లేకపోయినా ఎంత కరెంటు కారుతోందో కొలుస్తుంది.

మామయ్య దర్జీ. నిలువూ అడ్డం ఒకే కొలత. కొలిచే పెట్టె మీద కప్పే దుప్పటి చిల్లులు పడిందని అత్త ఓసారి అంటే, నల్లటి పాలిస్టరుతో రెండు పొరల ముసుగు కుట్టి పెళ్లిరోజున చేతిలో పెట్టాడు. అత్త అందులో తల దూర్చి, "అబ్బ, అమావాస్యేనండీ!" అంది.

చిల్లుల దుప్పటి కంటే నయమే, కరెంటు కాస్త తగ్గింది. ఉండాల్సిన హద్దుకి మాత్రం దిగలేదు. అత్త డయోడు మూలల్ని గుండ్రంగా మార్చింది, చుట్టూ కాపలాగా వలయం గీసింది, సైజు తగ్గించింది. మూడు నమూనాలూ తప్పాయి. డైరెక్టరు పిలిచి, "శుక్రవారం దాకా చూస్తానమ్మా. అప్పటికీ ఇంతే అయితే ఇది ఆపేద్దాం, నువ్వు కొనుగోళ్ల విభాగంలో చేరు," అన్నాడు. పదకొండేళ్ల పని వదిలేసి కాగితాలూ కుర్చీలూ కొనడమా! అత్తకి ఏడుపొచ్చింది. మామయ్య కుట్టిన ముసుగులోనే తలపెట్టి ఏడ్చింది.

గురువారం మధ్యాహ్నం, ఆవిడ మర్చిపోయిన క్యారియరు పట్టుకుని మామయ్య ల్యాబుకి వెళ్లాడు. వెళ్లి సరిగ్గా కిటికీకీ బల్లకీ మధ్య నిలబడ్డాడు. తెర మీద కరెంటు చూపించే గీత దభీమని పడిపోయింది.

"ఏమండీ, కదలకండి!"

"నేనేం చేశానే?"

"కాస్త పక్కకి జరగండి." గీత లేచింది. "మళ్లీ అడ్డం రండి." గీత పడింది.

"పెళ్లైనప్పట్నుంచీ అడ్డం లెమ్మంటావు. ఇవాళ అడ్డం రమ్మంటావేంటి?"

అత్త కిటికీలోని ఎండనీ, ముసుగునీ, మామయ్య పొట్టనీ వరసగా చూసింది. ఆ గుడ్డ మన కంటికే నలుపు. ఎండలో ఉండే పరారుణ కాంతి దాన్లోంచి దర్జాగా దిగిపోతోంది. ఆడలేక మద్దెల ఓడంటారు గానీ, ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. మా అత్తే తన ఆట తప్పనుకుని మూడుసార్లు అడుగులు మార్చుకుంది. కంటికి కనిపించని కాంతితోనే కాపురం చేసే మనిషి, నలుపుని కంటితో నమ్మింది!

"తప్పు నా గుడ్డదా?" మామయ్య మొహం చిన్నబోయింది.

అబద్ధమాడటం అత్తకి చేతకాదు. "గుడ్డదేనండీ. డయోడుకి అది గాజుతో సమానం."

మామయ్య ముసుగు అంచు నిమిరాడు. తర్వాత అన్నాడు: "రెండు పొరలే అది. అందులోంచి కూడా చూసిందంటే, కన్ను మాత్రం గట్టిదే చేశావు."

రెండు నెలలుగా ఆ మాట అత్తతో ఎవరూ అనలేదు. ఆవిడ గబగబా క్యారియరు పెద్ద గిన్నె ఖాళీ చేసి, కడిగి, డయోడు మీద బోర్లించి, అంచుల చుట్టూ రేకు కాగితం నొక్కింది. గీత హద్దు కిందకి దిగి, అక్కడే ఉండిపోయింది.

శుక్రవారం డైరెక్టరు లెక్కలు మూడుసార్లు చూసి, "పని కొనసాగించమ్మా," అన్నాడు. వెళ్లబోతూ ముసుగు ఎత్తి చూశాడు. కింద స్టీలు గిన్నె.

"చీకటికి గిన్నె చాలుగా, మళ్లీ పైన ఈ గుడ్డెందుకు?"

"అది లేకపోతే కొలత సరిగ్గా రాదు సార్," అంది మా అత్త.