గోడ అవతల కచేరీ, గోడ ఇవతల ఆమెన్

కంచరపాలెంలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. వాళ్ళు పోపు వేస్తే మేము తుమ్మేవాళ్ళం. రేడియో మాత్రం వాళ్ళకే ఉండేది. ఊళ్ళో ఉక్కు ఫ్యాక్టరీ పనులు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులు. పక్కింటి మావయ్యగారు గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో గుమాస్తాగా చేరారు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి ఇంట్లో కుట్టుమిషను తొక్కుతుండేదాన్ని.

మావయ్యగారికి సంగీతం పిచ్చి. పిచ్చంటే అలాంటిలాంటి పిచ్చి కాదు. పొద్దున్నే రేడియోలో కచేరీ వచ్చే వేళకి స్నానం చేసి, విభూతి పెట్టుకుని, పీట వేసుకుని కూర్చునేవారు. ముందు ఆ పెట్టెకి దణ్ణం పెట్టేవారు. నాకేమో ఆ పాట ఎవరో ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నట్టు ఉండేది. నాకు మధ్యాహ్నం వచ్చే సినిమా పాటలు కావాలి. ఆయన ఆఫీసులో ఉండే వేళ కదా, అత్తయ్యగారు నా కోసం మీట కాస్త ఎక్కువ తిప్పేవారు.

మా అమ్మ సంగతి వేరు. మేము క్రైస్తవులం. నాన్న హార్బరు పనికి వెళ్ళిపోయాక, అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, గోడ వారగా చాప వేసి, తల మీద కొంగు కప్పుకుని ప్రార్థనకి మోకరించేది. రోజు మొత్తంలో ఆమెని ఎవరూ పిలవని వేళ అదొక్కటే. అయితే పక్కింట్లో పాట మొదలైతేనే మోకరించేది. పాట అయిపోగానే "ఆమెన్!" అని వీధికి వినబడేలా అని లేచేది.

"ఆళ్ళ దేవుడి పాటకి నీ ప్రార్థనేటే అమ్మా? అయ్యగారికి తెలిస్తేనో?" అన్నాను ఒకసారి. అయ్యగారంటే మా చర్చి పాస్టరు.

"ఆ మాటలు నాకు తెలుస్తన్నాయేటి? ఆ గొంతు ఎల్తంటే దాని ఎనకాతల నానూ ఎల్తన్నాను. అయ్యగారికి సెప్పావంటే నీ నడ్డి ఇరగ్గొడతాను."

ఒకరోజు గోడ మూగబోయింది. రేడియో మోగుతోంది గానీ ఎక్కడో వంటింటి అవతల, నూతిలోంచి వస్తున్నట్టు మోగుతోంది. అమ్మ "ప్రభువా" అంది. ఆగింది. మళ్ళీ "ప్రభువా" అంది. ఆ తర్వాత "ఎసరు మరిగిందేమో సూడే" అంది. వారమంతా అదే వరస. దేవుడితో చెప్పుకోవలసినవన్నీ లోపలే ఉండిపోయి మా మీద పడ్డాయి. కూరలో ఉప్పు ఉండేది కాదు. నా జడ ఎంత బిగించి అల్లేదంటే కనుబొమ్మలు నుదుటి మీదకి వచ్చేసేవి.

"పోనీ, నానెళ్ళి అడగనేటి?" అన్నాను.

"అడుగు. నాను అడగమన్నానని మట్టుకు సెప్పకు."

వెళ్ళాను. రేడియో వెనక గదిలో బియ్యం డబ్బా మీద ఉంది. మావయ్యగారు నన్ను చూసి చిన్నబుచ్చుకున్నారు.

"ఇంకా వినబడుతోందా అమ్మా? ఇంతకన్నా దూరం జరపాలంటే వీధిలో పెట్టాలి."

"దూరం ఎందుకు జరిపేరు మావయ్యగారూ?"

"మరి పాట అవ్వడమే ఆలస్యం, మీ అమ్మగారు 'ఆమెన్' అంటారు కదా! ఎప్పుడు ఆగుతుందా అని కాచుక్కూర్చుని, హమ్మయ్య అనుకుంటున్నారని ఇన్నాళ్ళకి తెలిసింది. పాపం, ఎంత ఓర్చుకున్నారో!"

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ నోరు జారాను. "అయ్యో, మా అమ్మకి సంగీతం అంటే పేణం మావయ్యగారూ!"

ఆయన మొహం చూడాలి, పెళ్ళికొడుకు మొహంలా అయిపోయింది. ఈ వీధిలో తనలాంటి మనిషి ఇంకొకరున్నారని ఆయన కలలో కూడా అనుకోలేదు. అప్పటికప్పుడు రేడియో గోడ పక్కకి వచ్చేసింది.

మర్నాడు పాట మొదలైంది. అమ్మ హాయిగా కళ్ళు మూసుకుంది. "ప్రభువా, నా కొడుక్కి ఉద్యోగం..." అంటుండగా గోడ మీద దబదబ బాదుడు.

"చెల్లెమ్మగారూ! ఇదిగో, ఇక్కడ! వినండి వినండి!"

అమ్మ ఉలిక్కిపడింది. "గోడ పడిపోతన్నాదేటే?"

మళ్ళీ కళ్ళు మూసింది. "ప్రభువా, ఈయన సేత తాగుడు మానిపించి..."

"శభాష్!" అంది గోడ.

"నా పాపములు క్షమించి..."

"అబ్బే, ఇంకా ఉంది, ఇంకా ఉంది! అసలుది ముందుంది!"

నేను పొట్ట పట్టుకుని మిషను మీద పడిపోయాను. అమ్మ నవ్వలేదు. రెండు మూడు రోజులు ఓర్చుకుంది. ఆఖరికి కొంగు దోపుకుని తనే పక్కింటికి బయలుదేరింది. నేనూ వెనకాలే వెళ్ళాను.

"అన్నయ్యగారూ, ఇది అబద్దం ఆడేసింది. నాను పాట ఇంటం లేదు. పాట జరుగుతంటే నా ప్రార్థన నాను సేసుకుంటన్నాను. అది లేకపోతే నాకు కుదరతం లేదు. మీరు గోడ కొట్టినా కుదరతం లేదు."

మావయ్యగారు నిలువునా నీరుగారిపోయారు. "అంత పెద్ద విద్వాంసుడు పాడుతుంటే వినడమే లేదా?"

"మీ ఆవిడ మాత్రం వింటోందా ఏంటి? పప్పు రుబ్బుకుంటున్నాను" అన్నారు అత్తయ్యగారు వంటింట్లోంచి.

ఆయన కాసేపు తల గోక్కున్నారు. "ఎంతసేపు చేస్తారు ప్రార్థన?"

"పాట బట్టి. ఒకోపాలి బేగి అయిపోద్ది. ఒకోపాలి ఆ గొంతు ఒగ్గదు, అన్నం మాడిపోద్ది."

మావయ్యగారి కళ్ళు మెరిశాయి. "అంటే తెలుస్తుందన్నమాట! పాపం, మీకే తెలీదు మీకు తెలుస్తోందని! నిన్న పాడినాయన మహానుభావుడు. అలాంటి మేధావి మళ్ళీ పుట్టడు. నిన్న అన్నం మాడే ఉంటుంది!"

"నిన్నా? నిన్న బేగి అయిపోయింది అన్నయ్యగారూ. మీరు గోడ కొట్టకముందే ఆమెన్ అనీసేను."

"మొన్న?" ఆయన గొంతు పీలగా వచ్చింది.

"మొన్నెవరో ఆడమనిషి పాడింది సూడండి, మీరు గోడ కొట్టనేదు. అన్నం మాడి గిన్నె తోమలేకపోయేం."

"ఆవిడా! ఆవిడకి శ్రుతి నిలవదమ్మా!"

"నాకూ నిలవదు. అందుకే ఇద్దరం కలిసి ఎల్లిపోయేం."

మావయ్యగారు చొక్కా తొడుక్కుని, సైకిలెక్కి, టిఫిను కూడా తినకుండా పోర్టుకి వెళ్ళిపోయారు. సాయంత్రం వచ్చాక కూడా పలకలేదని అత్తయ్యగారు నూతి దగ్గర చెప్పారు.

మర్నాడు రేడియో ఏ గదిలో మోగుతుందోనని నేను గోడకి చెవి ఆనించి కూర్చున్నాను. గోడ పక్కనే మోగింది. మీట కాస్త ఎక్కువే తిప్పినట్టున్నారు.

"ఈరోజు ఎవరో పెద్దాయనే పాడతన్నాడే అమ్మా" అన్నాను.

"ఎవరైతేనేటి, లెగు అక్కణ్ణించి" అని నన్ను పక్కకి తోసి, అమ్మ కొంగు తల మీదకి లాక్కుంది.