ఇరవై రెండో పుట

నా చిన్నప్పుడు పట్నంలో మా చూలై వీధిలో నీళ్ళ లారీ కోసం కాచుకోనుండే ఆడోళ్ళంతా ఊరి మాటలు మాట్లాడుకుంటా ఉంటే, ఒకామె మాత్రం తన బిందెను బోర్లించి, దాని మీద పరీక్ష అట్ట పెట్టుకొని, వంచిన తల ఎత్తకుండా రాస్తా ఉండేది. మా పక్క పోర్షనులో ఉండేది ఆమె. చుట్టం కాదు గానీ మేము పక్కింటి పెద్దమ్మ అనే పిలిచేది. అవ్వా, నీ చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పు అని మీరు ఫోన్లో అడిగినప్పటి నించి నాకు ఆమే కళ్ళ ముందర కనపడతా ఉంది. ఫోన్లో చెప్తే సగం మీ ఊరి చప్పుడులో పోతాది. అందుకని రాస్తా ఉండా. నిదానంగా చదువుకోండి బంగారాలూ.

ఆ ఎండాకాలాలు ఇప్పుడు తల్చుకుంటే కల మాదిరి ఉంటాయి. లారీ ఎప్పుడొస్తాదో ఎవురికీ తెలీదు. పొద్దున్నే బిందెలు వరస పెట్టేస్తాము. పచ్చవి, ఎర్రవి, నీలంవి, వీధి ఈ కొన నించి ఆ కొన దాకా. మనిషి ఇంట్లోకి పోయినా బిందె ఆడ్నే ఉంటాది. అది ఉన్నంత సేపూ ఆ మనిషి ఉన్నట్టే లెక్క. మధ్యానం వేడికి తారు రోడ్డు మీద గాలి నీళ్ళ మాదిరి కదులుతాది. గాలి ఉత్తరం నించి వీస్తే మనలి ఫ్యాక్టరీల వాసన సన్నగా వస్తాది. నీడ దొరికిన చోట అందరూ ఒరిగి కునుకు తీస్తా ఉంటే, ఆ నిద్రల మధ్యన పెద్దమ్మ పెన్ను గీరే చప్పుడు ఒకటే వినపడేది. ఆమె బతుకుతెరువు కుట్టుమిషను. దాని ముందర కూర్చుంటే మాత్రం ఒక్క వాక్యం కూడా రాదంట.

"కాచుకోనుంటేనే వస్తాయి మే నాకు మాటలు. చేతిలో పనుంటే రావు," అనేది.

ఆమె రాసేదంతా మా వీధి ఆడోళ్ళ గురించే. పేర్లుండవు. ఒక్కో కాయితానికి ఒక మనిషి, ఒక ముచ్చట. కాయితం నిండేసరికి ముచ్చట అయిపోవాల, లారీ వస్తే లేచి పోవాల గదా. అట్లా మూడేండ్లు రాసింది. ఆ కట్టను ఎన్నో ఊళ్ళకు పోస్టులో పంపింది, పుస్తకంగా వేస్తారేమో అని. కొందరు జవాబే రాయలా. ఒకాయన కట్ట తిప్పి పంపిస్తా, నీళ్ళ కోసం కొట్టుకునే గొడవ ఎవురు చదువుతారమ్మా, మంచి కుటుంబ కథ ఒకటి రాయండి అని చీటీ పెట్టినాడు. పెద్దమ్మ ఆ చీటీ చదివి నవ్వి, దాని వెనకపక్క ఎవురిదో జాకెట్టు కొలతలు రాసుకునింది. "ఆయన ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి కాబోలు," అనింది. ఆ వారమే పోయి మా వెనక వీధి ప్రెస్సులో మాట్లాడొచ్చింది, తన పుస్తకం తనే వేసుకునేదానికి.

ఆ ప్రెస్సు పెళ్ళి పత్రికలు, బిల్లు పుస్తకాలు కొట్టే చిన్న గది. బయట అందరూ కంప్యూటరుకు మారిపోతా ఉన్నా ఆడ ఇంకా సీసం అక్షరాలే. గూళ్ళల్లో నించి ఒక్కో అక్షరం ఏరి వరసగా పేర్చే ముసలాయనను నేను కంపోజింగ్ తాత అనేదాన్ని. ఆయన తమిళాయన. తెలుగు ఒక్క ముక్క చదవలేడు. ఆకారం చూసి, కాయితంలో ఎట్లుంటే అట్లా పేర్చేస్తాడు. అదెట్లా తాతా అంటే, "చదివేది రాదు పాపా. చూసేది వస్తాది," అన్నాడు. ఆ గూళ్ళల్లో తెలుగు అక్షరాలు ఎనిమిది పుటలకు సరిపోయేటన్నే ఉండేవి. ఎనిమిది పుటలు పేర్చి, తప్పులు చూసి, అచ్చేసి, ఆ అక్షరాలు విప్పి మళ్ళా గూళ్ళల్లో పంచితేనే తర్వాతి ఎనిమిది పేర్చేది. విప్పేసినంక ఇంక మార్చేదానికి ఏమీ మిగలదు.

సెలవులు గదా, కాయితాలు ప్రెస్సుకు ఇచ్చేది, తప్పులు చూసేదానికి ముందుగా కొట్టిన ప్రూఫు తెచ్చేది నా పని. మా ఇంట్లో తెలుగు చదివేది వచ్చింది నాకొక్కదానికే. మా అమ్మ అరవ బడిలో చదువుకునింది. తెలుగు మాట్లాడతాది గానీ అక్షరాలు రావు. అచ్చయిన కాయితాలు పెద్దమ్మ తన మంచం కింద పేర్చుకునేది. మధ్యానం ఆ మంచం మీద పండుకుంటే కింద నించి సిరా వాసన వచ్చి, మా వీధి అంతా నా వీపు కింద గుసగుసలాడతా ఉన్నట్టు కలొచ్చేది.

ఒక దినం పదిహేడు నించి ఇరవై నాలుగు దాకా కాయితాలు తీసకపోతా ఉండా. దారిలో ఒక మెట్టు మీద కూర్చొని చదివేది నాకు అలవాటు. ఇరవై రెండో కాయితంలో మా అమ్మ ఉంది. పేరు లేదు. కానీ అంతకు రెండేండ్ల ముందర, తమ్ముడికి జొరమొచ్చి, మూడు దినాలు లారీ రాక, ఇంట్లో తడిగుడ్డ వేసేదానికి కూడా నీళ్ళు లేని ఆ కాలం నాకు తెలీదా? మధ్యానం అందరూ కునుకు తీస్తా ఉంటే ఒక తల్లి లేచి, చప్పుడు కాకుండా తన సత్తు బిందెను ఐదు బిందెలు దాటించి ముందర పెట్టింది, అని రాసుండాది. మా వీధిలో దొంగతనాన్నయినా మన్నిస్తారు గానీ వరస దాటితే మన్నించరు. ఎవురో కేక పెట్టింది, అందరూ అమ్మను చుట్టుకునింది, గుంపులో నించి ఎవురిదో కాలు బిందెను తన్నింది, అది దొర్లుకుంటా వచ్చి మా గడపకు కొట్టుకొని సొట్టపడింది, అన్నీ నా కళ్ళ ముందర తిరిగినాయి. ఇప్పుడు దీన్ని పుస్తకంలో వేస్తే ఊరంతా చదవదా? ఆ పైన చదవలా నేను. ఆ కాయితం మడిచి పావడ బొడ్లో దోపుకున్నా.

కంపోజింగ్ తాతకు అంకెలు బాగా తెలుసు. "ఇరవై ఒకటి తర్వాత ఇరవై మూడు ఉందే పాపా?" అన్నాడు. ఆమె ఇచ్చిందే అంతే తాతా అని అబద్ధం చెప్పేసినా. ఆయన నా ముగం చూసి, "సరి సరి," అని ఊరుకున్నాడు. ఇంటికొచ్చి ఆ కాయితం దేవుడి పటం వెనక దాచినా.

రెండు దినాలకు ప్రూఫు వచ్చింది. ఇరవై రెండు అనే అంకె తప్ప ఆ పుటంతా తెలుపు. నేను కాయితం చూసి గట్టిగా చదివితే పెద్దమ్మ ప్రూఫు మీద వేలు జరుపుకుంటా తప్పులు పట్టేది, అదీ మా పద్ధతి. ఇరవై ఒకటి అయిపోయింది. పెద్దమ్మ ఆ తెల్ల పుట మీద వేలు పెట్టి, పై వరస నించి కింది వరస దాకా, ఆడ అక్షరాలు ఉన్నట్టే నిదానంగా జరిపింది. ఒక్కో వరస చివర ఆగి, మళ్ళా మొదటికొచ్చి. ఆ కొంచెం సేపు ఒక ఎండాకాలమంత పొడుగ్గా ఉన్నింది నాకు. చివరికొచ్చినంక, "ఊఁ, ఇరవై మూడు చదువు," అనింది. అంతా ముగిసి నేను లేస్తా ఉంటే, రేపు సాయంత్రం మిషనెక్కిస్తారంట, ఎల్లుండి విప్పేస్తారంట అని మటుకు చెప్పింది.

ఆ తర్వాతి పొద్దున ఆమె వరసలో కూర్చోనుంటే పోయి, కాయితం ఆమె ఒళ్ళో వేసి, మా అమ్మను చూసి నలుగురూ నవ్వేదానికి రాసినావా పెద్దమ్మా అని ఏడ్చేసినా. ఆమె నన్ను తిట్టలా.

"కడదాకా చదివినావా?"

"లేదు."

"నువ్వు దాచింది తప్పే మే. దానికంటే పెద్ద తప్పు నాది. మీ అమ్మకు చదివేది రాదు గదా అని, ఆమెను అడక్కుండా రాసేసినా. భయం, ఇంకేమీ కాదు. పో, తీసకపోయి ఆమెకు చదివి వినిపించు. కడదాకా. ఆమె వద్దనిందంటే ఆ పుట తెల్లగానే పోతాది పుస్తకంలో. పోతే పోనీ."

పోనీ అని చులకనగానే అనింది గానీ, పెన్ను మూత పెట్టబోయి రెండు మార్లు జారవిడిచింది.

అమ్మ బియ్యం ఏరతా ఉన్నింది. పక్కన కూర్చొని, తలెత్తకుండా మొదలుపెట్టినా. ఐదు బిందెలు అనే కాడికి వచ్చేసరికి చేటలో ఆమె చెయ్యి ఆగిపోయింది. నాకూ ఆగిపొయ్యేటట్టుంది గొంతు. అయినా కడదాకా చదివినా. కడపటి వరసలు ఇట్లా ఉన్నాయి: ఆమె బిడ్డకు ఎట్లుందని ఆ పొద్దు ఎవురమూ అడగలా. ఆ బిందెను తన్నిన కాలు నాది. ఆ కాలితోనే ఈ పొద్దుకీ మిషను తొక్కతా ఉండా.

చేటలో ఎండ పడి బియ్యం మెరుస్తా ఉన్నింది. నేను తల వంచుకోనే ఉండా, అమ్మ ఏడుస్తా ఉందేమో అని.

"ఐదా?" అనింది అమ్మ. "ఎవురు చెప్పినారు ఐదని? మూడే దాటించినా నేను! దిద్దమను."

నేను నోరు తెరుచుకోని చూస్తా ఉంటే, ఆమె గొంతు మెల్లగా దిగింది. "తన్నింది ఈమెనా... ఆ మూలింటామె అనుకోని రెండేండ్లుగా ఆమెతో మాట్లాడలేదే నేను. ఎదురొస్తే ముగం తిప్పుకున్నానే." చేట పక్కన పెట్టి లేచి, కొంగు సర్దుకునింది. గడప దాటతా వెనక్కి తిరిగి, "అచ్చెయ్యమను. మూడు అని మార్చి వెయ్యమను. ఈ రాసినామెతో మటుకు ఇప్పుడప్పుడే మాట్లాడను, అది కూడా చెప్పు," అని, నేరుగా మూలింటికి పోయింది. ఆడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. వచ్చేటప్పుడు చేతిలో ఒక గుప్పెడు కరేపాకు ఉన్నింది.

నేను పరిగెత్తి పెద్దమ్మకు అన్నీ చెప్పినా, కడపటి మాటతో సహా. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకోని, ఐదు కొట్టేసి మూడు అని రాసింది. "మూడే కాబోలు. నా కోపానికి ఐదు కనపడినాయి," అనింది. సాయంత్రం లోపల కంపోజింగ్ తాత ఆ పుట పేర్చేసినాడు.

పుస్తకం ముగిసేసరికి ఆ ఎండలు పోయి వానలొచ్చేసినాయి. కుట్టింది కూడా పెద్దమ్మే, లావు సూదితో, జాకెట్లకు వాడే దారం నాలుగు పేటలు చేసి. అమ్మేదానికి ఏ అంగడికీ పోలా. కుట్టిన జాకెట్టు మడతలో ఒక పుస్తకం పెట్టి ఇచ్చేసేది. చదివేది రానోళ్ళు బిడ్డల చేత చదివించుకున్నారు. వాన మధ్యానాల్లో ఏదో ఒక ఇంట్లో నించి పిల్లకాయల గొంతు తడబడతా చదివేది వినపడేది. ఎవురి ముచ్చట వాళ్ళకు తెలిసిపోయింది. కొందరు నవ్వినారు, ఒకరిద్దరు పోట్లాటకొచ్చినారు, మాధవరం నించి ఒకామె వచ్చి తన అక్కకని ఇంకొకటి అడిగి తీసకపోయింది. మా అమ్మ చెప్పినట్టే రెండు నెలలు పెద్దమ్మతో మాట్లాడలా. ఆ తర్వాత ఒక దినం ఏమనుకునిందో, ఒక జాకెట్టు గుడ్డ నా చేతికిచ్చి, "ఆమెకు ఇచ్చిరా, చేతులు పొడుగు పెట్టమను," అనింది.

ఇన్నేండ్లయినా, ఎవురి గురించైనా ఒక మాట నా నోటి దాకా వస్తే, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోని గట్టిగా చదివి వినిపిస్తా ఉన్నట్టు అనుకుంటా. నా గొంతు ఏడ ఆగితే ఆడ నేను ఆ మనిషిని ఇంకా ఏదో అడగాల్సి ఉందని అర్థం. అప్పుడు ఆ మాట మింగేసి, పోయి అడుగుతా. శానా మార్లు నేను ఐదనుకునింది మూడే అవుతాది. ఈ ముచ్చట రాస్తా ఉన్నప్పుడూ నా గొంతు అట్లనే ఆగింది. అమ్మ లేదు, పెద్దమ్మ లేదు, ఆ తాతా లేడు, చదివి వినిపించి సరేనా అని అడిగేదానికి. అందుకే నేను దాచిన కాయితాన్నీ, చెప్పిన అబద్ధాన్నీ ఒక్క అక్షరం తగ్గించకుండా రాసేసినా. వాళ్ళను అడగలేను, నన్ను నేను అడిగే రాసినా.