ఈయేల ఏటి కూర?

మా మేనత్త పోయిందన్న కబురు ఆమె నంబరు నుంచే వచ్చింది. పలాసలో మా జీడిపప్పు కొట్టు అప్పుడే తెరిచి, గుండు పప్పు ఒక డబ్బాలోనూ బద్ద పప్పు ఒక డబ్బాలోనూ పోస్తున్నాను. ఫోన్ మోగింది. తెర మీద అత్త ఫోటో. ఎత్తితే మగ గొంతు.

"నానే, బావని. అమ్మ పోయిందే."

నేను ఏడవలేదు. "ఈయేల ఏటి కూర?" అని అడిగాను. అవతల బావ నాకు పిచ్చెక్కిందనుకుని ఉంటాడు. అత్త కొడుకు గొంతు నాకు తెలియక కాదు. ఆ ప్రశ్నకి అతను తప్పు జవాబు చెబుతాడనీ, అప్పుడు ఇది దొంగ ఫోనని తేలిపోతుందనీ నా ఆశ. ఫోన్ చేసినవాడు మోసగాడైతే బాగుణ్ణని దేవుణ్ణి అడిగింది ఆ ఒక్కసారే.

ఆ ప్రశ్న కథ తెలియాలంటే మీకు మా అత్త తెలియాలి. ట్రంకు కాల్స్ రోజుల్లో టెక్కలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఎవరింట్లో పెళ్లి కుదిరిందో, ఎవరింట్లో చెడిందో ఊరికన్నా ముందు ఆమె చెవిన పడేది. ఒక్క ముక్క బయటికి వచ్చేది కాదు. మా అమ్మ ఎంత గుచ్చి అడిగినా, "లైనులో విన్నది లైనులోనే ఉండాల వదినా" అనేసి పొయ్యి దగ్గరికి పోయేది. ఆడపడుచు నోట్లోంచి ఊరి సంగతులు రాబట్టలేకపోయానన్న దిగులు మా అమ్మకి చివరిదాకా ఉంది.

ఉద్యోగం అయిపోయాక బావ ఆమెకో క్రెడిట్ కార్డు ఇప్పించాడు. మందులూ, లేసు అల్లుకునే దారాలూ ఇంటికే తెప్పించుకునేది. ఆ కార్డుని ఆమె చూసుకున్న తీరు చూస్తే నవ్వొచ్చేది. కొనడం అవగానే ఫోన్లోనే కార్డుని ఆపేసి, "గడియేసీసినాను" అని ఇంట్లో అందరికీ వినిపించేలా చెప్పేది. మళ్లీ అవసరమైనప్పుడే తెరవడం. మెసేజీలో వచ్చిన లింకు ఎంత ముద్దుగా ఉన్నా నొక్కేది కాదు. బ్యాంకు పేరు తనే ఒక్క వేలితో, పెదవులు కదుపుతూ, అక్షరం అక్షరం కొట్టుకునేది. ఈలోగా టీ చల్లారిపోయేది. ఎవరైనా ఫోన్ చేసి మీ కార్డు ఆగిపోతుంది, వెంటనే వివరాలు చెప్పండి అంటే ఆమెకి ఉత్సాహం వచ్చేది. "మా కాలంలో అర్జెంటు కాలంటే రెట్టింపు కట్టాల బాబూ. నాకు ఆర్డినరీ సాలు" అని పెట్టేసేది.

మా చర్చి సంఘంలో జరిగిన ముచ్చటొకటి చెప్పాలి. కొత్త సంవత్సరం ఆరాధనలో మాకందరికీ వాగ్దాన కార్డులు ఇస్తారు. చిన్న అట్ట ముక్క, దాని మీద ఒక బైబిలు వాక్యం. ఏడాదంతా అదే మన వాగ్దానం. ఇంటికి తెచ్చి గోడకి అంటిస్తాం, ఫోన్లో స్టేటస్ పెడతాం, సాక్ష్యం చెప్పేటప్పుడు చదువుతాం. అంతటితో ఆగితే బాగుండును. మర్చిపోమన్న ధైర్యంతో ఆ వాక్యాన్నే, అధ్యాయం అంకెతో సహా, పాస్‌వర్డుగా పెట్టుకునేవాళ్లం. ఒకరిని చూసి ఒకరం. ఒక ఏడాది మా సంఘంలో ఒకామె కార్డు ఖాతాలోకి ఎవరో దూరి ఏవేవో కొనేశారు. వాగ్దానం ఉండగా ఇలా ఎలా జరిగిందని ఆమె ఒకటే ఏడుపు.

స్త్రీల సమాజంలో అత్త లేచి నిలబడింది. "దేవుడి వాగ్దానం అందరికీ సెప్పాల. పాస్‌వర్డు ఎవులికీ సెప్పకూడదు. ఆ రొండూ ఒకటెలాగవుతాయమ్మా?" అంది. ఆ పూట ప్రార్థన తొందరగా ముగిసింది. అందరం ఫోన్లు తీసి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, పాస్‌వర్డులు మార్చుకుంటూ కూర్చున్నాం.

తర్వాత నేను కొట్టు కోసం వీడియోలు పెట్టడం మొదలెట్టాను. పలాస పప్పు రండి, రుచి చూడండి అని నా వాగుడు. అత్తకి అది నచ్చలేదు. "నీ గొంతు ఊరందరికీ పంచిపెడతన్నావే గుంటా. దాన్ని ఎత్తుకుపోయి, నువ్వే అన్నట్టు మాటాడిత్తారట" అంది. అప్పుడు మేమిద్దరం ఆమె వంటింట్లో పనసపొట్టు కొడుతున్నాం. చేతులకి నూనె. "ఇకమీద ఫోను నువ్వు సేసినా నాను సేసినా ముందు కూర అడగాల. వండింది కాదు, మనం అనుకున్నది సెప్పాల" అంది. నా చెవి దగ్గరికి వంగి జవాబు చెప్పింది. పనస కాదులెండి. అంత తేలికగా ఉంటే మా అత్తెందుకవుతుంది.

ఆ రోజు నుంచి మా ప్రతి ఫోనూ కూరతోనే మొదలైంది. నాకు విసుగొచ్చేది. "నీకు నా గొంతు తెలీదేటత్తా?" అంటే, "తెలుసు. కూర సెప్పు" అనేది.

ఒక మధ్యాహ్నం కొట్లో బేరం నడుస్తుంటే గుమ్మంలో అత్త కనబడింది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే టెక్కలి నుంచి బస్సెక్కి వచ్చేసింది. కొనేవాళ్లని పక్కకి తోసి, నా గడ్డం పట్టుకుని, తలా చేతులూ తడిమి చూసింది.

"నీ గొంతుతో ఫోనొచ్చింది. ఏక్సిడెంటయింది, ఆస్పత్రిలో కట్టాల, నీ కార్డుకి ఓటీపీ నంబరొత్తాది సెప్పత్తా అని ఒకటే ఏడుపు."

"మరి నువ్వేటన్నావు?"

"ఈయేల ఏటి కూర అన్నాను. ఇప్పుడు కూరెందుకత్తా, ముందు నంబరు సెప్పు అంది. పెట్టీసి, కార్డెనకాల ఉన్న నంబరుకి సేసి ఆపించీసినాను."

"నా గొంతు కాదని తెలిసిపోయిందా?"

"నీ గొంతేనే! అచ్చం నీదే. నువ్వేనని సెవి ఒకటే గోల. సెవి మాట ఇనకుండా కూర్సున్నాను." బతుకంతా చెవి మీదే బతికిన మనిషి ఆ మాట అనడం నేను మర్చిపోలేను.

"దొంగని తేలిపోయాక ఇంత దూరం దేనికత్తా? నాకు ఫోన్ సేసుంటే సరిపోయేది కదా."

"ఫోనులో బయపడ్డాక ఫోనుతో నమ్మకం ఎలాగొత్తాది?" అంది. "కళ్ళతో సూడాలనిపించింది." మంచినీళ్లు తాగి, కొట్టు వెనక కుర్చీలో అలాగే నిద్రపోయింది. ఆ నిద్రపోయే ముఖం ఇప్పుడు నాకు కావాలి.

తన తర్వాత ఏం చెయ్యాలో కూడా ముందే చెప్పింది. "నా ఫోన్లో దూరి తడమకండి. సావు సర్టిఫికెట్టు పట్టుకెళ్ళి బేంకులో సెప్పండి, ఆళ్ళే మూసేత్తారు." సమాధి పనులు అయ్యాక బావా నేనూ అలాగే చేశాం. బయటికొచ్చి బావ ఆ కార్డుని చిప్పు మీదుగా కత్తిరించాడు. ముక్కలు జేబులో వేసుకున్నాడు. పారెయ్యడానికి చేతులు రాలేదు.

"ఆ రోజు నన్ను కూరెందుకడిగావే?" అన్నాడు. చెప్పాను. నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు. "నన్ను వాన పడ్డాదా అనడిగేది. మండు ఎండల్లో కూడా." అతని జవాబు నేను అడగలేదు, నాది అతనూ అడగలేదు.

ఆమె ఉన్నన్నాళ్లూ ఆ ప్రశ్న నాకు విసుగు. ఇప్పుడు ఏ ఫోనెత్తినా అది వినబడదేమని మొదటి క్షణం ఆగుతాను. అవతలివాళ్లు హలో హలో అంటుంటారు.

మొన్న కొట్లో అన్నం డబ్బా మూత తీస్తున్నాను. సోంపేట నుంచి పప్పు కొనడానికొచ్చినావిడ, మా వైపు ఎవరైనా అడిగేదే, ఊరికే అడిగింది. "ఈయేల ఏటి కూరమ్మా?"

అత్తా నేనూ అనుకున్న ఆ మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. ఎవరితోనైనా ఒక్కసారి పైకి అనాలనిపించింది. మూత పక్కన పెట్టి డబ్బాలోకి చూశాను.

"వంకాయ" అన్నాను.