వెయ్యి మీటర్ల సోమరాజు

సోమరాజు నోరు సోమరాజు మాట వినదు. ఈ సంగతి ఊళ్ళో వాళ్ళో, గదిలో వాళ్ళో కనిపెట్టింది కాదు. ఆయనే చెప్పేవాడు. "నాకు శుక్రవారం సెలవుందండి, నా నోటికి లేదు" అనేవాడు.

భీమవరం దగ్గరి పల్లెటూళ్ళో రాజుల ఇంట పుట్టాడు. వంశం తాలూకు మీసం వచ్చింది గానీ పొలాలు తాతగారి పేకాటలోనే వెళ్ళిపోయాయి. లారీ తోలడం నేర్చుకుని, ఆ లైసెన్సు పట్టుకుని బహ్రెయిన్ వచ్చాడు. తొంభై ఆరు నాటికి గుదైబియాలో ఒక పాత ఫ్లాటులో, కెఫెటీరియాలో వంట చేసే అమలాపురం పేరయ్యతోనూ, జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ ముత్తన్నతోనూ కలిసి ఒకే గదిలో ఉంటూ, బూ రాషిద్ అనే పెద్దమనిషి ఇంట్లో కారు డ్రైవరుగా పనిచేస్తున్నాడు. బూ రాషిద్‌కి సిమెంటూ ఇనుమూ అమ్మే కొట్టుంది. బొంబాయి సరుకుతో పెరిగిన తరం కాబట్టి హిందీ ధారాళంగా మాట్లాడతాడు.

ఆ ఏడాది బూ రాషిద్‌కి చక్కెర జబ్బు ముదిరింది. కొట్టు కొడుకులకు వదిలేసి ఏదైనా వ్యాపకం పెట్టుకోమన్నాడు డాక్టరు. చేపల వేట ఆయనకు పడదు, పడవ ఎక్కితే వాంతులు. ఎవరో స్నేహితుడు దూరపు గురి రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్నాడని విన్నాడు. కారులో వెనక కూర్చుని, "రాజూ, ఈ వయసులో నాకు వస్తుందంటావా?" అని అడిగాడు.

రాదనో వస్తుందనో చెప్పి ఊరుకుంటే సరిపోయేది. సోమరాజు నోరు ఊరుకోలేదు.

"రాకేం బాబా. మా తాతగారు కొల్లేటి ఈ గట్టున నిలబడి ఆ గట్టు మీద పిట్టని కొట్టేవారు. నాకూ అదే కన్ను వచ్చింది."

తాతగారికి తుపాకీ ఉన్నమాట నిజం. అది గోడకి వేలాడేది, దాని గొట్టంలో కందిరీగలు గూడు పెట్టుకునేవి, దాని మీద అత్తయ్య తడి తువ్వాళ్ళు ఆరేసేది. కన్ను సంగతి మాత్రం ముమ్మాటికీ నిజం. అరవై దాటాక తాతగారికి గేదెకీ అల్లుడికీ తేడా తెలిసేది కాదు.

"అలాగా," అన్నాడు బూ రాషిద్ ముందుకి వంగి. "ఇన్నాళ్ళూ చెప్పలేదే. అయితే ఏ క్లాసులో చేరాలో, ఏ సామాను కొనాలో నువ్వే చూసి చెప్పాలి."

సాయంత్రం ఈ మాట గదిలో చెబితే ముత్తన్న తింటున్న ముద్ద ఆపేశాడు.

"నీకు తుపాకి పట్టుడొస్తదా రాజన్నా?"

"పట్టుకోడానికేముంది ముత్తన్నా, వదలడమే తెలీదు."

"మా దిక్కు తుపాకంటె పోలీసోళ్లు, లేకుంటె అన్నలు. పేరెత్తితెనే జెరమొస్తది. నువ్వు దుబాయికొచ్చి గీ పని పెట్టుకుంటివి." ముత్తన్నకి ఏ గల్ఫు దేశమైనా దుబాయే.

"నేను పెట్టుకోలేదు. నోరు పెట్టుకుంది," అన్నాడు సోమరాజు, కూర వడ్డించుకుంటూ.

ఆ దీవిలో అప్పటికి దూరపు గురి నేర్పే క్లాసులు రెండే ఉన్నాయని తేలింది. మొదటిది ఊరి బయట ఎడారిలో, ఒక చిన్న క్లబ్బులో. నేర్పేవాడు మీర్‌దాద్ అనే బలూచీ ముసలాయన, ఒకప్పుడు ఫౌజులో సుబేదారు. రేకుల షెడ్డు, నేల మీద చాపలు, దూరంగా మట్టిదిబ్బ, అంతే. తుపాకులు క్లబ్బువే, తాళం వేసిన గదిలోంచి బయటికి తీసి మళ్ళీ లోపలే పెట్టాలి. ఇంటికి పట్టుకుపోవడానికి ఎవరికీ వీల్లేదు.

"మొదటిరోజు తుపాకీ ముట్టనివ్వను," అన్నాడు మీర్‌దాద్. "చాప మీద పడుకోవడం, ఊపిరి తీసి వదలడం నేర్పుతాను. తరవాత చిన్న రైఫిలు, యాభై మీటర్లు. మూడొందల మీటర్లు నేను పొమ్మన్నప్పుడు పోవాలి."

"వెయ్యి మీటర్లు ఎప్పుడు?" అనడిగాడు సోమరాజు, నిపుణుడి హోదాలో.

"నువ్వెవరు?"

"బాబా డ్రైవర్ని."

"అయితే కారు నీడలో పెట్టుకో."

తిరిగి వచ్చేటప్పుడు సోమరాజు తన అభిప్రాయం చెప్పాడు. పడుకోవడం నేర్పడానికి ఒక క్లాసెందుకు, ఊపిరి తీయడం తల్లి కడుపులోంచి పడగానే వచ్చిన విద్యే కదా, ఈయన దగ్గర చిన్నపిల్లలు చేరాలి తప్ప బాబా లాంటి వాళ్ళు కాదు, అని. కారు నీడలో పెట్టుకోమన్న మాట ఎక్కడో గుచ్చుకుందని తనకీ తెలుసు.

రెండో క్లాసు వాళ్ళది ఏసీ హాలు. గోడల నిండా ఫొటోలు, వెళ్ళగానే ఏలకుల చాయ్. కెప్టెన్ అని పిలిపించుకునే నల్ల కళ్ళద్దాల మనిషి ఇద్దరికీ కరచాలనం చేశాడు. సోమరాజుకీ చేశాడు. "మొదటిరోజే వెయ్యి మీటర్లు," అన్నాడు. పక్క బల్ల మీద నిలువెత్తు రైఫిలు, దాని మీద మోచేతంత దుర్భిణి.

"ఇదీ క్లాసంటే," అన్నాడు సోమరాజు.

సామాను కొనడానికి మనామా బజారుకెళ్ళినప్పుడు కూడా నిపుణుడు ఆయనే. పని ఎలా చేస్తుందన్నది ఆయనకు తెలియదు కాబట్టి, ఎలా కనబడుతుందన్న దాన్ని బట్టి ఏరాడు. తోలు జాకెట్లలో అన్నిటికన్నా మందంది, టోపీల్లో అన్నిటికన్నా వెడల్పుది, చెవిమూతల్లో అన్నిటికన్నా ఎర్రనిది, ముక్కాలి పీట మీద నిలబెట్టి చూసే దుర్భిణుల్లో అన్నిటికన్నా పొడుగుది. బూ రాషిద్ ఆ జాకెట్టు వేసుకుని అద్దం ముందు నిలబడి, "ఇందులో నాకు ఊపిరి ఆడటం లేదు" అన్నాడు. "గురి కుదరాలంటే ఊపిరి బిగబట్టాలి కదా బాబా," అన్నాడు సోమరాజు. ఎక్కడ దొరికిందో ఆ మాట ఆయనకీ తెలీదు.

శుక్రవారం పొద్దున కెప్టెన్ క్లాసు ఎడారిలో మొదలైంది. చాప పరిచారు, పెద్ద రైఫిలు పెట్టారు. ఎక్కడో దూరంగా తెల్ల ఇనప పళ్ళెం వేలాడుతోందని అందరూ అటు చూస్తున్నారు. బూ రాషిద్ చాప వంక చూసి, తన పొట్ట వంక చూసుకుని, వెనక్కి తిరిగాడు.

"రాజూ, ముందు నువ్వు కొట్టి చూపించు. మీ తాతగారిలా."

అప్పటిదాకా సోమరాజుకు ఈ ఘడియ వస్తుందన్న ఊహే తట్టలేదు. తప్పించుకోవడానికి నోరు తెరిచాడు గానీ, జీవితంలో మొదటిసారి ఆ నోరు పనిచేయలేదు. వెళ్ళి పడుకున్నాడు. కెప్టెన్ ఎవరో కొత్త గిరాకీతో మాట్లాడుతూ, "యల్లా, కానియ్, చూసి కొట్టు" అన్నాడు.

చూడడానికి ఏమీ లేదు. దుర్భిణిలో పసుపు రంగు నీళ్ళలా ఏదో కదులుతోంది. పళ్ళెం లేదు. కన్ను కొంచెం దగ్గరికి పెట్టాడు. ఇంకొంచెం పెట్టాడు. కనుబొమ్మ గొట్టానికి ఆనేదాకా పెట్టాడు. అక్కడ ఏదో తెల్లగా మెరిసినట్టయితే అదే అనుకుని మీట నొక్కాడు.

రైఫిలు గాడిదలా వెనక్కి తన్నింది. దుర్భిణి అంచు నేరుగా కనుబొమ్మ మీదికి వచ్చింది. సోమరాజు లేచి కూర్చుని, కంటిమీదికి కారుతున్న రక్తం తుడుచుకుంటూ, "తగిలిందా బాబా?" అన్నాడు.

"తగిలింది," అన్నాడు బూ రాషిద్. "నీకు."

క్లినిక్కులో కుట్లు వేశారు. కనుబొమ్మ మీద నెలవంక ఆకారంలో కోత. ఏమైందని అడిగిన నర్సుకు అల్మారా తలుపు తగిలిందని చెప్పాడు. గదిలో మాత్రం దాచలేదు. దాచడానికి కట్టు మరీ పెద్దది. ఆ రోజు నుంచి పేరయ్య ఆయన్ని "వెయ్యి మీటర్ల రాజుగారూ" అని పిలిచాడు. "అంత దూరంలో ఉన్న పళ్ళేన్ని వదిలేసి ఇంత దగ్గరున్న నన్ను కొట్టాను. గురి తప్పిందనకు పేరయ్యా, మరీ కుదిరింది," అన్నాడు సోమరాజు.

కెప్టెన్ దగ్గర ఖలాస్ అని, మరుసటి వారం బూ రాషిద్ మీర్‌దాద్ దగ్గరికే పదమన్నాడు. ముసలాయన కట్టు చూసి నవ్వలేదు. "కంటికీ గొట్టానికీ మధ్య నాలుగు వేళ్ళు ఎడం ఉండాలి. ఎవరూ చెప్పలేదా? అంత దగ్గరికి ఎందుకు పెట్టావు?"

"కనబడలేదు సాబ్."

మీర్‌దాద్ ఒక్క క్షణం ఆయన కళ్ళలోకి చూసి, చెయ్యెత్తి దిబ్బవైపు చూపించాడు. "ఆ బోర్డు మీద అంకె ఎంత?"

"ఏ బోర్డు?" అన్నాడు సోమరాజు.

బూ రాషిద్ మెల్లగా తల తిప్పి తన డ్రైవరు వంక చూశాడు. తరవాత చెయ్యి చాపి, కారు తాళాలు అడిగి తీసుకున్నాడు.

ఇంటిదాకా యజమానే తోలాడు. సోమరాజు పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి ఎలా తోలాడో మొదటిసారి ఆలోచించాడు. సిగ్నలు రంగుని బట్టి కాదు, పక్క కార్లు కదిలినదాన్ని బట్టి. వీధులు బోర్డుల వల్ల కాదు, అలవాటు వల్ల. చూపు ఒక్కరోజులో పోలేదు కాబట్టి, లోకమే కాస్త మసకగా ఉంటుందనుకున్నాడు. ఎడారి దేశం, దుమ్ము ఎక్కువ, అని సరిపెట్టుకున్నాడు. వెనక సీట్లో బూ రాషిద్ మనవరాలు మరిచిపోయిన చిన్న చెప్పు పడి ఉంది. చెయ్యి వెనక్కి చాపి దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

గుమ్మం ముందు కారు ఆపి బూ రాషిద్ అన్నాడు: "ఇన్నేళ్ళూ నా మనవల్ని బడికి తీసుకెళ్ళింది ఎవరు? అల్లానా?"

"అల్లాయే బాబా. నేను స్టీరింగు పట్టుకున్నానంతే," అని, గొంతు తగ్గించి, "ఇంక మీరు తోలమన్నా నేను తోలను. పంపించేయమంటే వెళ్ళిపోతాను," అన్నాడు. ఆ మాట నోరు అన్నది కాదు, ఆయనే అన్నాడు.

బూ రాషిద్ తాళాలు జేబులో వేసుకుని లోపలికి వెళ్ళాడు. ఆ వారం అంతా కారు కొడుకు తోలాడు. సోమరాజు తోటకి నీళ్ళు పెడుతూ, టికెట్టు చేతిలో పెట్టే రోజు కోసం ఎదురుచూశాడు. పెట్టింది టికెట్టు కాదు, కళ్ళజోళ్ళ దుకాణం చీటీ.

అద్దాలు మందంగా వచ్చాయి. అవి పెట్టుకుని గదిలోకి అడుగుపెట్టి, "పేరయ్యా, నీ మొహం మీద అమ్మవారి మచ్చలు ఎప్పటినించి?" అన్నాడు.

"ఐదో ఏటినించండి రాజుగారూ. మీరు మర్యాదకి అడగట్లేదనుకున్నాను."

తరవాత అద్దంలో తన్ను తాను చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ మనసులో మోసుకు తిరిగిన మీసాల మనిషికీ, అద్దంలో నెరిసిన జుట్టుతో నిలబడ్డవాడికీ చుట్టరికం ఉన్నట్టు తోచలేదు. "కళ్ళజోడు వెనక్కిచ్చేస్తే పుచ్చుకుంటారా?" అనడిగితే ముత్తన్న నవ్వి పొరబోయి నీళ్ళు తాగాడు.

మీర్‌దాద్ దగ్గర క్లాసు మొదలైంది. కొన్న సామానంతా చూసి ఆయన చెవిమూతలు, దుర్భిణి ఉంచి, మిగతావి తిప్పి పంపమన్నాడు. క్లబ్బు రైఫిళ్ళలో ఒక తేలికైనదాన్ని తీసి, దాని వెనక చెక్కని బూ రాషిద్ మోచేతి మడతలో ఆనించి, వేలు మీటకి అందుతుందో లేదో చూశాడు. "చొక్కా కుట్టించుకున్నట్టే. పెద్దది గొప్పది కాదు, ఒంటికి సరిపోయింది గొప్పది." పొట్ట అడ్డొస్తోందంటే రైఫిలు కింద పెట్టే ఇసక సంచి ఎత్తు పెంచాడు.

కొట్టేవాడి పక్కన దుర్భిణి పెట్టుకుని తూటా ఎక్కడ పడిందో చెప్పే మనిషి ఒకడు కావాలన్నాడు మీర్‌దాద్. "రాజు ఉన్నాడుగా," అన్నాడు బూ రాషిద్. "ఇప్పుడు వాడికి కళ్ళున్నాయి."

ఆ పని సోమరాజుకు అన్నిటికన్నా కష్టమైంది. మొదటి తూటా మట్టిలో పడితే, "వెంట్రుకవాసిలో తప్పింది బాబా, గాలి వల్ల" అన్నాడు. ఆకు కూడా కదలడం లేదు. మీర్‌దాద్ బూటుతో ఆయన కాలు తట్టాడు. "ఆయన ఏం వినాలనుకుంటున్నాడో అది చెప్పకు. నువ్వు చూసింది చెప్పు. కుడి, ఎడమ, పైన, కింద. ఈ నాలుగే."

నాలుగు మాటలతో బతకడం సోమరాజుకు ఉపవాసంలా ఉండేది. అయినా అలవాటైంది. చలికాలం మధ్యలో ముసలాయన వాళ్ళని మూడొందల మీటర్లకి పొమ్మన్నాడు. బూ రాషిద్ ఊపిరి వదిలి, ఆగి, కొట్టాడు. ఠంగుమని మోగింది.

"ఎక్కడ?" అన్నాడు ఆశగా.

సోమరాజు గొంతు సవరించుకున్నాడు. "పళ్ళెం మీదే బాబా. పక్కాయన పళ్ళెం మీద."

బూ రాషిద్ చాప మీదే బోర్లా పడి, పొట్ట అదిరేలా నవ్వాడు. తరవాతి తూటా తన పళ్ళేనికే తగిలింది. తిరిగి వెళ్ళేటప్పుడు దారిలో కనబడ్డ ప్రతి బోర్డూ సోమరాజు చేత చదివించి, ఊరు దగ్గర పడ్డాక బండి పక్కకి ఆపి, స్టీరింగు ఆయనకి ఇచ్చి తను వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

రెండు చలికాలాలు శుక్రవారం శుక్రవారం వెళ్ళారు. వెయ్యి మీటర్ల ముచ్చట ఎవరూ ఎత్తలేదు. బూ రాషిద్ చక్కెర కాస్త దిగింది. చివర్లో ఒకనాడు మీర్‌దాద్ తనంతట తనే చిన్న రైఫిలు సోమరాజు చేతికిచ్చి, యాభై మీటర్ల కాగితం మీద కొట్టమన్నాడు. కొట్టిన వాటిలో ఒకటే కాగితానికి తగిలింది, అదీ ఓ మూలన. ఆ కాగితం మడతపెట్టకుండా గదికి తెచ్చి మంచం మీద పరిచాడు.

పేరయ్య వంగి వెతికాడు. ముత్తన్న కాగితం ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకుని, ఆ చిల్లు కనిపెట్టి, వేలితో తడిమాడు.

"రాజన్నా, గిది తూటాదేనా? గోరుతోని పొడిసినట్లున్నది."

"గోరుతో పొడిచేవాణ్ణయితే మధ్యలో పొడుచుకుంటాను గదయ్యా," అన్నాడు సోమరాజు. "మూల ఎందుకు పొడుస్తాను?"

ముత్తన్న కాసేపు ఆలోచించి, అది నిజమేనని ఒప్పుకున్నాడు.