నాయన కెలికిన సంగటి

నాకు తొమ్మిదేళ్ళప్పుడు... తమిళనాడు ధర్మపురిలో మా వీధంతా పెంకుటిళ్ళే. వంటిల్లంటూ వేరే గది ఎవరికీ లేదు. ఇంటి ముందు చిన్న పంచ, పంచలో ఓ మూల మట్టి పొయ్యి. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో దారిన పోయేవాళ్ళకు కూడా కనిపించేది.

గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం... అలాగే పెరిగాం. తిండి మాత్రం అందరికీ ఒకటే. మేం సంగటి అనేవాళ్ళం, పక్కింటి సెల్వి అక్క కళి అనేది. రెండూ రాగి ముద్దే.

ఓ రోజు అమ్మ చేతిబోరు దగ్గర నాచు మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో పిండికట్టు వేసి, నెలన్నర దాకా ఆ చేత్తో ఏ పనీ చేయకూడదన్నారు.

సంగటి చేయడమంటే అన్నం వార్చినంత తేలిక కాదు. నూకలు ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనివ్వాలి. తర్వాత కుండ కదలకుండా అదిమిపట్టి, పొడుగాటి కట్టెతో ఒంట్లో బలమంతా పెట్టి కెలకాలి. చెయ్యి ఆగిందా, ఉండలు కడుతుంది. మా అవ్వకు, అంటే నాయన వాళ్ళమ్మకు, ఆయాసం. ఆమె వల్ల కాదు.

ఆ సాయంత్రమే అవ్వ నాయనతో తేల్చి చెప్పింది.

"పిల్ల ఇస్కూలుకు పోకుంటే ఏమిరా? ఈ నెలన్నర ఇంట్లో ఉండనీ. నేను పక్కన కూసోని చెప్తా, అది చేస్తాది."

అమ్మ మంచం మీద కూర్చుని కట్టు వేసిన చేతినే చూసుకుంటోంది. కొన్ని రోజులకేనంటూ బడి మానిన ఆడపిల్లలు మా వీధిలో అప్పటికే ముగ్గురున్నారు. ఒక్కరూ మళ్ళీ పోలేదు. ఆ సంగతి అమ్మకు తెలుసు... నాకూ తెలుసు. పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను.

నాయన చింతపండు మండీలో మూటలు మోసేవాడు. మాట తక్కువ మనిషి. అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"అది ఇస్కూలుకు పోనీమ్మా. సంగటి నేను కెలుకుతా" అన్నాడు.

"మగోడివి... వీధిలో అందరూ చూస్తా ఉంటే పొయ్యికాడ కూసుంటావా?"

"చూస్తే చూడనీ. మూట మోసేటప్పుడు చూస్తా ఉండారు కదా."

మర్నాడు పొద్దున్నే నాయన పొయ్యి ముందు కూర్చున్నాడు. గడప దగ్గరికి మంచం జరిపించుకుని అమ్మ ఒక్కొక్కటే చెబుతోంది. బోరుకు పోయే ఆడవాళ్ళంతా బిందెలు చంకన పెట్టుకుని ఆగిపోయారు. నాయన చెమటలు కారుతూ కెలికాడు. తీరా చూస్తే, లోపలంతా పచ్చిపిండి ఉండలు.

సెల్వి అక్క తొంగి చూసి, "అన్నా, ఇది కళియా, ఉప్మావా?" అంది.

బిందెల ఆడవాళ్ళంతా నవ్వారు. నాయన కూడా నవ్వాడు. అవ్వ మాత్రం కంచం ముట్టలేదు. మజ్జిగ తాగి గోడ వైపు తిరిగి పడుకుంది. నేను ఆ ఉండలు నమిలి మింగి బడికి పోయాను. అంత రుచీపచీ లేని సంగటి మళ్ళీ ఎప్పుడూ తినలేదు... అంత గర్వంగా బడికీ ఎప్పుడూ పోలేదు.

రెండో రోజు అడుగంటింది. మూడో రోజు జావలా జారింది. నాలుగో రోజు సెల్వి అక్క బిందె కింద పెట్టి పంచలోకి వచ్చేసింది.

"నీళ్ళంతా లోపలే పెట్టుకోని కెలికితే ఎట్లా అన్నా? కొంజం ఒంచి పక్కన పెట్టుకో. గట్టిపడితే మళ్ళా పోసుకో."

అంతే. ఆ రోజు నుంచి సంగటి నాయన మాట విన్నది. పులుసు కూడా తనే పెట్టాడు. "చింతపండు ఎంత వెయ్యాల?" అని అడిగితే అమ్మ, "మండీ మనిషికి అదీ నేనే చెప్పాల్నా?" అంది. చెయ్యి విరిగాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

అవ్వ వారం పైగా చద్దన్నం, మజ్జిగతోనే గడిపింది. ఓ పొద్దున వచ్చి పొయ్యి పక్కన కూలబడింది. "చెయ్యి తడుపుకోని ముద్ద చెయ్యరా, లేకుంటే పగుల్తాది" అంటూ కంచం ముందుకు జరిపింది. అనపగింజల పులుసుతో ముద్దంతా తినేసింది. ఖాళీ కంచం మళ్ళీ జరిపి, "ఇంకో ముద్ద పెట్టు" అంది.

నాయన తలెత్తలేదు. ముద్దను మాత్రం మామూలు కంటే పెద్దది చేశాడు.

కట్టు విప్పాక అమ్మ కట్టె పట్టుకుంది కానీ, చేతిలో మునుపటి బలం లేదు. నాయన కట్టె అందుకున్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో పులుసు అమ్మది, సంగటి నాయనది. సెల్వి అక్క ఇంటికి చుట్టాలొస్తే పెద్ద కుండ కెలకడానికి నాయన్నే పిలిచేది. ఎవరూ నవ్వలేదు.

ఆ నెలన్నరలో నేను ఒక్కరోజు కూడా బడి మానలేదు. తర్వాతా మానలేదు. నర్సింగు చదివాను. బడిలో తమిళమే చదివినా, కుప్పంలో ఉద్యోగం చేస్తూ తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టే ఇది మీకు రాయగలుగుతున్నాను. నాయన ఇప్పుడు నా దగ్గరే ఉంటాడు. కుక్కర్లో చేసిన సంగటి పెడితే తింటాడు. దాన్ని సంగటి మాత్రం అనడు, ఉడికిన పిండి అంటాడు.

మొన్న ఆ వీధికి వెళ్ళాను. పెంకుటిళ్ళు ఒక్కటీ లేవు. అన్నీ మూడంతస్తుల అద్దె ఇళ్ళు, గేట్లకు వేలాడుతున్న టిఫిన్ పొట్లాలు. పొద్దున ఎనిమిదింటికి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాను... ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో తెలియలేదు. ఇప్పుడు మగవాళ్ళు వంట చేస్తే ఎవరూ నవ్వరు. మంచిదే. కానీ, తప్పు చేస్తుంటే లోపలికొచ్చి చెప్పేవాళ్ళూ లేరు...

మీరు బడికి పోవడానికి మీ ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్నదెవరు? వాళ్ళు మొదటిసారి ఏం వండారు, ఎంత బాగా చెడగొట్టారు? రాయండి... మా నాయనకు చదివి వినిపిస్తాను.