ఆఖరున లేచే సంసోను

బొగ్గుగనిలో కార్మికుల భద్రత చూసే సర్దారుగా చేసి రిటైరైన సంసోను, ఈ వయసులో లా చదువుతానని ఖమ్మంలో లాసెట్ కోచింగుకు పోతున్నాడు. గనుల్లో దెబ్బలు తగిలినవాళ్ల కేసులు వాదించాలని ఆయన ఆశ. ఎంత కడిగినా గోళ్ల అంచుల్లో బొగ్గు నలుపు పోలేదు. ప్రతి ప్రశ్ననూ ముందు పెన్నుతో టకటకా తట్టి చూస్తాడు. గనిలోకి మనుషుల్ని పంపే ముందు పైకప్పును కర్రతో తట్టి, డొల్ల చప్పుడొస్తే వాళ్లను ఆపేసిన అలవాటది. పిల్లలు నవ్వితే తనూ నవ్వుతాడు.

మొన్నటి మాక్ టెస్టులో టైమైపోగానే దాదాపు అందరూ పేపర్లిచ్చి వెళ్లిపోయారు. ముందు బెంచీలో శ్రీదేవి ఒక్కతే, పేపరు పూర్తికాక కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. “ఇక ఇచ్చెయ్ అమ్మా,” అన్నాడు సారు. “నాది గూడ కాలే సార్, జర ఆగుండ్రి,” అన్నాడు వెనక నుంచి సంసోను. ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి, అబద్ధమాడినందుకు చెవులు వేడెక్కి తలవంచుకున్నాడు. సారు విసుక్కుంటూనే ఆగాడు. తనకూ ఒకరు తోడున్నారన్న ధైర్యంతో ఆ పిల్ల పూర్తిచేసింది. ఇచ్చేటప్పుడు ఆమె చూస్తే ఆయన పేపరు నిండా జవాబులే!

“గదేంది తాతా, అయిపోయినా కూసున్నవ్?”

“మనిషి ఇంక లోపలుంటే సర్దారెట్ల బయటికొస్తడు బిడ్డా? నువ్ నడువ్.”

మెట్ల దగ్గర ఆమెను ముందు పోనిచ్చి, ఖాళీ బెంచీలన్నీ మరోసారి చూసి, అప్పుడు దిగాడు.